రెండో ముద్ద

రేషను కొట్లో బియ్యం నిండుకున్నాయన్న కబురు విని వీధి వీధంతా తిట్టుకుంది. వరదమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళి, తలుపు చాటున నిలబడి నవ్వుకుంది.

యుద్ధం పోయింది గానీ రేషను పోలేదు. ఇచ్చే బియ్యంలో సగం రాళ్ళు, సగం పురుగులు అని గొణుక్కుంటూనే తిరుపతి జనం ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఈసారి అవీ లేవు. కార్డుకు రాగులిస్తాం, పట్టుకుపోతే పొండి, లేకుంటే లేదు అన్నాడట కొట్టువాడు. గూడ్సు షెడ్డులో గుమాస్తాగా పనిచేసే ఆదిమూలం ఆ రాగుల సంచి భుజాన వేసుకుని, దొంగసొత్తు మోస్తున్నవాడిలా తల వంచుకుని గోవిందరాజస్వామి గుడి వెనక సందులో తన ఇంటికి వచ్చాడు. నడవలో కూర్చున్న అతని తల్లి అలివేలమ్మ ఆ సంచిని చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ముక్కూ ఆ కొంగూ కోడలు వరదమ్మకు కొత్త కాదు. మూడేళ్ళ కిందట ఇదే నడవలో అలివేలమ్మ సరిగ్గా ఇలాగే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు వచ్చింది రేషను సంచి కాదు, వరదమ్మ కన్నతల్లి చెంగమ్మ. పాకాల అవతల మెట్ట ఊరినుంచి, బిడ్డకు ఇష్టమని తెల్లవారకముందే లేచి రాగి సంగటి కెలికి, ముద్దలు మోదుగాకుల్లో చుట్టి, పైన చెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టి, రైలెక్కి తెచ్చింది. పొరుగింటి పంకజాక్షి అక్కడే కూర్చుని తమలపాకులు వేసుకుంటోంది. ఆమె చూస్తుండగానే అలివేలమ్మ ఆ మూటను విప్పనైనా విప్పకుండా తీసుకుపోయి కుడితి తొట్టిలో వేసేసింది. తాము స్వర్ణముఖి ఏటిగట్టు వాళ్ళమనీ, వరి తప్ప ఎరగమనీ, ఈ ఇంట్లో ముద్ద తినేది ఎనుమొకటేననీ చెప్పింది. చెంగమ్మ మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా వెనుదిరిగింది. సందు చివరిదాకా ఏడుస్తూ వెంటపోయిన కూతురితో ఒకే మాట అంది: "మీ అత్త తన నోటితో రమ్మనిందాకా ఆ గడప తొక్కను."

మాటంటే మాటే. మూడేళ్ళుగా ఆమె రాలేదు.

ఇప్పుడా తల్లి ఊళ్ళో ఒంటరిగా ఉంది. బెల్లం బండితో వచ్చే ఓబయ్య పోయిన వారమే చెప్పిపోయాడు. వానల్లేక రాగి చేలన్నీ ఎండిపోయినాయట, ముసలామె రోజుకొక పూట పొయ్యి వెలిగిస్తే గొప్పట. వరదమ్మ మొగుణ్ణి పట్టుకుంది. తెచ్చి పెట్టుకుందాం, నాకేం అభ్యంతరం అన్నాడతను. మీ అమ్మతో చెప్పు మరి అంటే మాత్రం చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఆదిమూలం మంచివాడే, తల్లి ఎదుట నోరు లేవదంతే. ఆ పిలుపు లేకుండా చెంగమ్మ రాదు, పస్తుండి చచ్చినా సరే రాదు.

కాబట్టి వరదమ్మకు కావలసినవి రెండు. అత్త నోటినుంచి పిలుపు రావాలి. అంతకుముందు, ఏ పంకజాక్షి ఎదుట తన తల్లికి అవమానం జరిగిందో ఆ పంకజాక్షి ఎదుటే అలివేలమ్మ ముద్ద తినాలి, తినలేక కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. ముందు రెండోది జరిగి ఆ తల వంగితే చాలు, మొదటిది దాని వెనకాలే వస్తుందని ఆమె లెక్క.

వరి తినేవాళ్ళకు ముద్ద తినడం రాదు. అన్నంలాగే నమలబోతారు. నమిలిన ముద్ద పళ్ళకూ అంగిటికీ బంకలా అతుక్కుని ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మెట్ట ఊళ్ళలో పాలు మరిపించేటప్పుడే తల్లులు పిల్లలకు నేర్పుతారు: ఇంత తుంచుకో, బొటనవేలితో గుంట చెయ్యి, పులుసులో ముంచు, నాలుక మీద పెట్టుకుని మింగు, పంటికి తగలనీకు. పెద్దయ్యాక నేర్చుకునే విద్య కాదది. పెళ్ళైన కొత్తలో ఆదిమూలం అత్తగారింట్లో ముద్ద నమిలి, పాపం, చెంబెడు నీళ్ళు తాగి కూడా మాట్లాడలేక చేతులు ఊపాడు. ఆ సంగతి తలచుకుంటే వరదమ్మకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కొడుకే అలాగైతే, ఏటిగట్టు వరి తిన్న తల్లి ఎలా ఉంటుందో చూడాలి.

దారికి అడ్డం ఒక్కటే. అటక మీద కుండలో అలివేలమ్మ దాచిన పాతబియ్యం కొన్ని ఉన్నాయి. అవున్నంతకాలం ఆమె రాగుల మొహం చూడదు. ఆ అడ్డం కూడా సాయంత్రానికి దానంతటదే తొలగింది. పంకజాక్షి కూతురు కాన్పై వారం కూడా కాలేదు. బాలింతకు పెట్టడానికి గింజ లేదని పంకజాక్షి కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చింది. వరదమ్మ నిచ్చెన వేసుకుని కుండ దించి, అడుగు తుడిచి మరీ గిన్నెలో పోసి ఆమె చేతికిచ్చింది.

"మా అత్తే ఇమ్మనింది," అంది నడవలోకి వినపడేట్టు.

పంకజాక్షి పోయి అలివేలమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. నీ కడుపు చల్లగా ఉండాలంది, నీలాంటి తల్లి వీధికొకరుంటే చాలంది. అలివేలమ్మకు కాదనడానికి లేదు, వెనక్కి తీసుకోవడానికి అసలే లేదు. పంకజాక్షి గడప దాటాక మాత్రం కోడలి వంక చూసి, గింజ మిగల్చకుండా ఇచ్చేశావా అని అడిగింది. బాలింత గదా అత్తా, లేదంటే పాపం అంది వరదమ్మ కళ్ళు దించుకుని. పుణ్యానికి పుణ్యం, పగకు పగ. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు అలివేలమ్మ బొరుగులూ మజ్జిగా తిని పూట గడిపింది. బియ్యం వచ్చేదాకా ఇవే చాలు అని కొడుకుతో చెప్పింది. అరవై దాటిన ఒళ్ళు బొరుగులతో ఎన్నాళ్ళు నిలబడుతుందో వరదమ్మకు తెలుసు. ఆమె తొందరపడలేదు. పెరట్లో చాప పరిచి రాగులు చెరగడానికి కూర్చుంది. రేషను రాగులు, మట్టీ పొట్టూ గింజలతో సమానంగా ఉన్నాయి. చేట ఒక్కొక్క విసురుకూ పొట్టు ఎగిరిపోయింది, రాళ్ళు వెనక్కి జారాయి. రెండుసార్లు కడిగి ఎండలో ఆరబోసింది. ఆరాక ఇసుర్రాయి ముందు కాలు చాపి కూర్చుని పిడికెడు పిడికెడే పోస్తూ విసిరింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో రాగి వాసన లేదు. రాతి అంచున ఎర్రని పిండి రాలుతుంటే వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

జల్లెడ పట్టేటప్పుడు ఒక పాడుబుద్ధి పుట్టింది. బరకగానే ఉంచేస్తే? పొట్టు తీయకుండా, ఉండలు కట్టేట్టు కెలికి పెడితే? ముసల్దాని గొంతు గీరుకుపోతుంది. బుద్ధి పుట్టింది గానీ చెయ్యి వినలేదు. చెయ్యి తన మానాన తాను మెత్తటి పిండి వేరు, నూక వేరు చేసింది. సంగటి చెడగొట్టడం ఆమెకు చేతకాని పని. మంచి ముద్దే పెడదాం, నమిలే నోటికి మంచిదైనా చెడ్డదైనా ఒకటే కదా అని సర్దుకుంది.

మూడో రోజు బొరుగులు కూడా అయిపోయాయి.

పొద్దెక్కాక వరదమ్మ పొయ్యి రాజేసింది. ఎసరు మరిగాక ఉప్పు వేసి, ముందు నూక పోసి ఉడకనిచ్చింది. నూక మెత్తబడ్డాక పిండి నడిమధ్య కుప్పగా పోసి, తెడ్డు కాడతో కుప్పలో బొక్క పొడిచి, మూత పెట్టి మంట తగ్గించింది. ఆ బొక్కలోంచి ఎసరు గుబగుబా పైకి పొంగి పిండిని తడిపింది. లోపలి పిండి ఉడికిన వాసన వచ్చాక కుండ దించి, గుడ్డ చుట్టి, రెండు పాదాల మధ్య ఇరికించుకుని, తెడ్డు రెండు చేతులా పట్టుకుని కెలికింది. భుజాలు నొప్పెట్టాయి, చెమట కళ్ళలోకి కారింది. ఒక్క ఉండ లేదు. వేయించిన చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ చింతపండూ రోట్లో వేసి ఊరిబిండి నూరింది. తడి చేత్తో ముద్ద తిప్పి, నున్నగా మెరుస్తుంటే కంచంలో పెట్టింది.

పంకజాక్షి ఖాళీ గిన్నె తిరిగిచ్చే వంకతో వచ్చి గడప దగ్గర కూర్చుంది. అసలు ఆ గిన్నె ఈ వేళకు తెచ్చివ్వమని పొద్దున గోడమీదనుంచి చెప్పింది వరదమ్మే. మనవడి సంగతులు మొదలయ్యాయి. వాడి ముక్కు తాతదట, ఏడుపు మాత్రం ఎవరిదో తెలియదట.

వరదమ్మ కంచం తెచ్చి అత్త ముందు పెట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఇంకేమీ లేదత్తా అంది. అలివేలమ్మ ముద్ద వంక చూసింది. కొంగు ముక్కు దాకా వెళ్ళి ఆగిపోయింది.

తర్వాత చెంబులో వేళ్ళు తడుపుకుంది.

ముద్ద పక్కనుంచి ఇంత తుంచింది. మూడు వేళ్ళతో గుండ్రంగా తిప్పి, బొటనవేలితో గుంట నొక్కింది. గుంటలోకి ఊరిబిండి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. తల కొంచెం వెనక్కి వంచింది. గొంతు ఒక్కసారి కదిలింది. దవడ కదల్లేదు.

వరదమ్మ స్తంభం వదిలేసింది. చూసింది నిజమేనా అని మళ్ళీ చూసింది. మళ్ళీ తుంచడం, తిప్పడం, గుంట, మింగడం. చేతికి పిండి అంటుకోవడం లేదు, అంటకముందే వేళ్ళు నీళ్ళలో తడుస్తున్నాయి. ఇది చూసి నేర్చుకున్న చెయ్యి కాదు. పాలు మరిపించినప్పుడు ఎవరో తల్లి నేర్పిన చెయ్యి. గడప దగ్గర పంకజాక్షి పుట్టి బుద్ధెరిగి ముద్ద తినలేదు కాబట్టి ఆమెకేమీ కనపడలేదు, మనవడి ఏడుపు గురించి చెబుతూనే ఉంది. ముద్ద అయిపోయింది. అలివేలమ్మ కంచం అంచున మిగిలిన ఊరిబిండిని వేలితో తుడిచి నాకింది.

పంకజాక్షి లేచిపోయేదాకా వరదమ్మ ఓపిక పట్టింది. ఒళ్ళంతా మండిపోతోంది. వరి పుట్టుక పుట్టి, ముద్ద రుచి తెలియక పారేసిందనుకుంటే అదొక తీరు. తెలిసి పారేసింది. తను తిన్న తిండే, తన తల్లి చేత్తో తిన్న తిండే, తన ఈడు మనిషి ముందర కుడితిలో వేసింది. ఈ మూడేళ్ళ కోపం ఈ పూట పుట్టిన కోపం ముందు ఎందుకూ చాలదనిపించింది.

"నమల్లేదే అత్తా," అంది.

అలివేలమ్మ తలెత్తలేదు. ఖాళీ కంచం వంకే చూస్తూ, చాలా మెల్లగా అడిగింది. "ఇంకో ముద్ద ఉండాదా?"

వరదమ్మ వంటింట్లోకి వెళ్ళి కుండ మీద మూత పెట్టింది. మూత చప్పుడు నడవలోకి వినపడేట్టే పెట్టింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఉండాది. అది మా అమ్మొచ్చి పెడ్తాది. నువ్వు పిల్సు, ఆ యమ్మ వస్తాది, నీకు ముద్ద పడతాది."

ఆ సాయంత్రం అలివేలమ్మ తినలేదు. కొడుకు అడిగితే మధ్యాహ్నం భారంగా తిన్నానంది. మర్నాడు పొద్దున అతను గూడ్సు షెడ్డుకు పోయేముందు అడిగినా అదే మాట చెప్పింది. కోడలు పెట్టనంటోందని చెబితే కోడలు ఎందుకో చెబుతుంది, నమలకుండా మింగిన సంగతీ చెబుతుంది. ముసలామె నోరు అక్కడ కట్టుబడిపోయింది. వరదమ్మకు అది తెలుసు, తెలిసే మజ్జిగ చెంబొకటి దగ్గర పెట్టి తన పని తాను చేసుకుంది. పట్టపగలు వంటింటి తలుపు బార్లా తెరిచి సంగటి కెలికింది. వాసన నడవలోకి పోనీ అనుకుంది. ఊరిబిండిలో ఆ రోజు రెండు వెల్లుల్లి రెబ్బలు ఎక్కువ వేసింది. ఒక కన్ను నడవ మీదే ఉంచి, తన ముద్ద తాను తిన్నది.

గోడ అవతల పంకజాక్షి బట్టలు ఆరేస్తోంది. చెప్పేద్దామా అనిపించింది. మా అత్త ఏటిగట్టు మనిషి కాదంట పంకజాక్షక్కా, మెట్ట మనిషే, ముద్ద మింగినాది అంటే చాలు, దీపాలు పెట్టే వేళకు వీధంతా పాకుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వద్దు, ఇంకా ఊరనీ, ఊరగాయలాగా ఎంత ఊరితే అంత రుచి అనుకుని వెనక్కి మళ్ళించుకుంది. ఇంత సుఖంగా ఉన్న రోజు పెళ్ళయ్యాక ఆమెకు మరొకటి గుర్తులేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కొడుకును అలివేలమ్మ దగ్గరకు పిలిచింది.

"ఒరే ఆదిమూలం, పాకాల పోయి మీ అత్తను పిల్సకరా. నేను రమ్మన్నానని సెప్పు. నా నోటితోనే సెప్పినానని సెప్పు."

ఆదిమూలం పెళ్ళాం వంక చూశాడు. వరదమ్మ కంచాలు కడుగుతోంది. ఏం జరిగిందో అతనికి అర్థం కాలేదు, అర్థం చేసుకునే ధైర్యమూ చేయలేదు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

చెంగమ్మ మర్నాడు మధ్యాహ్నానికి అల్లుడి వెంట వచ్చింది. చిక్కి సగమైంది. మెడలో పూసల దండ ఎముకల మీద ఆడుతోంది. గడప ముందు ఆగి లోపలికి చూసింది. అలివేలమ్మ స్తంభం పట్టుకుని లేచి నిలబడి, రా వదినా అంది. ఆ మాట విన్నాకే చెంగమ్మ కాలు లోపల పెట్టింది. గెలిచాను అనుకుంది వరదమ్మ. రైలు వచ్చే వేళ చూసుకుని వేడివేడిగా కెలికిన కుండ తెచ్చి తల్లి ముందు పెట్టి, నువ్వే పెట్టమ్మా అంది. మళ్ళీ పంకజాక్షిని కూడా పిలిపించి కూర్చోబెట్టింది.

చెంగమ్మ ముద్ద తిప్పి అలివేలమ్మ కంచంలో పెట్టింది. వేళ్ళు తడుపుకుంటుంటే అలివేలమ్మ చెయ్యి వణికి చెంబు ఒరిగింది, నీళ్ళు నేల మీద పారాయి. చెంగమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. ఆకలి ఎరిగిన మనిషికి ఆకలి చెయ్యి వేరే చెప్పనక్కర్లేదు.

"ఎపుడు తిన్నావు వదినా?"

వరదమ్మే చెప్పింది, ఆ క్షణం కోసమే కాచుకున్నట్టు. "మొన్న తిన్నాదమ్మా. ఇంకో ముద్ద అడిగినాది, నేనే ఇయ్యలేదు. నువ్వొచ్చి పెడితేనే అన్నాను."

తల్లి మొహం వెలుగుతుందనుకుంది. ఆ మొహం చూస్తుండగానే నల్లబడింది. చెంగమ్మ ముందు అలివేలమ్మ చేత ఆ ముద్ద తినిపించింది, అడగకుండానే ఇంకొకటి పెట్టింది, అదీ అయ్యేదాకా పక్కనే కూర్చుని ఊరిబిండి అందించింది. మింగే తీరు చూసి, ఏ ఊరు వదినా నీది అని అడిగింది. అలివేలమ్మ పంకజాక్షి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది. పుంగనూరు పక్క మెట్ట ఊరట. అమ్మా నాయనా కరువులో పోతే మేనమామ కాళహస్తికి తెచ్చుకున్నాడట. ముద్ద తిన్న నోరని తెలిస్తే ఎవరూ చేసుకోరని, ఆ మాట పైకి రానివ్వొద్దని మేనత్త ఒట్టు పెట్టించుకుందట. పంకజాక్షి బుగ్గ మీద వేలు పెట్టుకుంది. వరదమ్మ ఊరబెట్టిన మాట, అది దాచుకున్న మనిషే తీసి అందరికీ పెట్టేసింది.

అప్పుడు చెంగమ్మ కూతురి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నా ముద్దలు కుడితిలో ఏసిన పొద్దు ఈ యమ్మకు సిగ్గులేదనుకున్నాను. ఈ పొద్దు నాకు సిగ్గుగా ఉండాది. కుండలో పెట్టుకోని, అడిగిన మనిషికి లేదనే బిడ్డనా నేను కన్నది? ఈ పూటకు నీ చేతిది నాకొద్దు."

నీ కోసమే కదమ్మా అనబోయింది వరదమ్మ. అనకుండానే పెరట్లోకి నడిచింది. అలివేలమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. నువ్వు తినకుండా నేనెట్ట కూర్చుంటాను వదినా అని, వద్దంటున్నా వినకుండా వంటింట్లోకి పోయి పొయ్యిలో పుల్ల ఎగదోసింది. కాసేపటికి తెడ్డు కుండకు తగిలే చప్పుడు వినపడింది. ఆ చప్పుడులో ఒక వరస లేదు. నడుమ నడుమ ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. చెంగమ్మ లోపలికి పోయి కుండ పట్టుకుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుంటున్నారు, ఒకరు నవ్వారు కూడా. ఎవరు నవ్వారో పెరట్లో కూర్చున్న వరదమ్మకు తెలియలేదు.

అమ్మ ఇంట్లోకి వచ్చింది. అత్త పిలిచింది. పంకజాక్షి చూసింది. కోరుకున్నవన్నీ జరిగాయి, జరిగి తననే బయట కూర్చోబెట్టాయి. ఆమెకు అత్త మీద కోపం వచ్చింది, అమ్మ మీద ఇంకా ఎక్కువ వచ్చింది. మూడేళ్ళు ఒంటరిగా మోసిన బరువును వీళ్ళిద్దరూ ఒక పూటలో దించేసి, మోసిన తననే తప్పుబడుతున్నారు. పొద్దు వాలేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. పొద్దుటినుంచి ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అలివేలమ్మ కంచం పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఎగతాళి ఉందేమోనని వరదమ్మ ఆ మొహంలో వెతికింది. ఉంటే బాగుండేది, జవాబు సిద్ధంగానే ఉంది. కంచంలో ముద్ద వంకరగా ఉంది, పైకే పిండి ఉండలు కనపడుతున్నాయి.

"ఉండలు కట్టినాయి," అంది వరదమ్మ.

"చెయ్యి మరిసిపోయినాది," అంది అలివేలమ్మ. కంచం చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఆ పొద్దు మీ అమ్మ మూట నేను విప్పలేదు. విప్పకముందే వాసన తగిలినాది. ఇంకొంచేపు సేతిలో ఉంటే, ఆ పంకజాక్షి ముందరే తినేసుండేదాన్ని. అందుకని ఏసేసినా."

వరదమ్మకు ఆ మాట నమ్మాలని లేదు. నమ్మితే ఇన్నాళ్ళ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? నమ్మకుండా ఉండడానికి ఆమె చాలాసేపు ప్రయత్నించింది. అలివేలమ్మ చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది, కంచం కింద పడుతుందేమోననిపించింది.

వరదమ్మ కంచం అందుకుంది. అలివేలమ్మ కోడలికి ఎదురుగా పెరటి గట్టు మీద కూర్చుని, ఆమె తినడం అయ్యేదాకా లేవలేదు.